పెద్ద టైర్లక్క

ఫ్లెక్సీ మీద ఆమెను చూసి మొదట గుర్తుపట్టలేదు. మా షాపుకు ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి కట్టారు. పైన శ్రద్ధాంజలి అని, చుట్టూ మల్లెపూల దండ బొమ్మ, మధ్యలో నోరు మూసుకున్న ఒక ముఖం. ఆ మూసుకున్న నోరే నన్ను తికమక పెట్టింది. నాకు తెలిసి ఆమె నోరు మూసుకుని ఉండగా చూసినవాడు ఆ ఫోటో తీసినవాడు ఒక్కడే. అది కూడా ఏ ఆధార్ కార్డుకో తీసి ఉంటారు. కదలొద్దన్నది గవర్నమెంటు కాబట్టి కాసేపు ఓర్చుకుని ఉంటుంది.

కింద పేరు రాశారు. అది చదివాక అనుమానం ఇంకా పెరిగింది. ఆమెకు ఒక పేరుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. నాకు ఆమె పెద్ద టైర్లక్క. ఫోనులో కూడా అట్లాగే ఉంది, ఇంకా తీసేయలేదు. తీసేయాలంటే వేలితో ఒక నొక్కు నొక్కితే చాలు. ఆ వేలే రావడం లేదు.

మాది పుత్తూరు నుంచి కార్వేటినగరం పోయే దారిలో టైర్ల షాపు. షాపంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, ఒక కంప్రెసర్, పంక్చరు చూసే నీళ్ళ తొట్టి, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక లారీ టైరు. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ పడక ఇద్దరిలో ఒకరు బడి మానేయాల్సి వచ్చింది. ఆయనకు జీతం ఉంది కాబట్టి నేను మానేశాను. అప్పటి నుంచి చక్రాలే నా లోకం. లారీ, ట్రాక్టరు, ఆటో, ముహూర్తానికి ఆలస్యమైపోయి డ్రైవరును తిట్టుకుంటూ వచ్చే పెళ్ళి కారు. ఇవి కాక ఇంకో రకం చక్రం భూమ్మీద ఉందని ఆమె వచ్చేదాకా నాకు తెలియదు.

ఒకరోజు పొద్దున షాపు ముందర ఎర్రటి బండి ఒకటి వచ్చి ఆగింది. నాలుగు చక్రాలున్నాయి గానీ కారు కాదు. హ్యాండిలుంది గానీ బైకు కాదు. ముందూ వెనకా ఇనుప క్యారియర్లు. దానిమీద గుర్రమెక్కినట్టు చెరోపక్క కాలేసుకుని ఒకామె. వయసు యాభై దాటి ఉంటుంది. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు తువ్వాలు. కుడికాలు వంగక ముందుకు చాచి పెట్టుకుంది.

"ఏమప్పా, గాలి పట్టేది నువ్వేనా?"

"నేనేనక్కా. ఇదేం జంతువు?"

"పెయ్య. ఈనేదానికి ఇంకా టైముండాది. నువ్వు గాలి పట్టు."

అది మా తొలి పరిచయం. మాటకు మాట అప్పజెప్పే మనిషి దొరికితే నాకు పని కూడా తెలియకుండా అయిపోతుంది. ఆ రోజు ఆ నాలుగు చక్రాలకూ గాలి పట్టడానికి నేను తీసుకున్న సమయంలో ఒక లారీకి అన్ని టైర్లూ మార్చి ఉండొచ్చు.

ఆ బండిని ఏటీవీ అంటారు. దారి లేనిచోట, రాళ్ళల్లో బురదల్లో తిరగడానికి చేసిన బండి. మద్రాసు దారిలో మూతపడిన ఒక రిసార్టులో వచ్చినవాళ్ళను సరదాగా తిప్పడానికి ఉంచారట. ఆమె దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నది. కాలితో గేర్లు మార్చే పనిలేదు, చేతి బొటనవేలితో నొక్కితే ముందుకు పోతుంది. వంగని కాలికి అంతకన్నా మంచి బండి లేదు. నంబరు లేదు కాబట్టి రోడ్డు ఎక్కకూడదు. ఆమె రోడ్డు పక్క మట్టిలోనే వచ్చేది. ఎవరైనా పోలీసు ఆపితే, "నేను రోడ్డు మీద యాడుండాను సారూ? రోడ్డు నా పక్కన పోతా ఉండాది" అనేది. పాపం, అతను కింద చక్రాల వంక చూసేవాడు. నిజంగానే మట్టిలో ఉండేవి.

ఆమె ఉండేది కొండ కింద మామిడితోటలో. అన్నీ బెంగుళూరా రకం చెట్లే. భర్త పోయాడు, పిల్లలు లేరు. తోటలోనే రెండు గదుల మిద్దె. ఊరికీ తోటకూ మధ్య ఒక వంక. ఎండాకాలంలో అది ఉత్త ఇసుక, గుండ్రాళ్ళు. తుఫాను వానలప్పుడు మోకాటి లోతు నీళ్ళు. ఆ వంక ఇవతల ఊళ్ళో ఆమె మరిది కుటుంబం. ఆయనదీ పక్క తోటే గానీ కాపురం ఊళ్ళో.

కాలు ఎట్లా విరిగిందో ఆమె చెప్పగా వినాలి. వంకలో గుండు మీద కాలు జారి పడింది. చేతిలో ఫోను నీళ్ళల్లో పోయింది. పొద్దున పడ్డది మధ్యాహ్నం దాకా అక్కడే. "ఊరక పడుకోనింటినప్పా. పైన గద్ద ఒకటి తిరగతా ఉండె. దానికి చెప్పితిని, నేను ఇంకా చావలేదమ్మా, రొంతసేపు తాళు అని." చివరికి మేకల మనిషి చూసి కేకేశాడు. పుత్తూరు కట్టు కట్టించారు. ఎముక అతుక్కుంది గానీ మోకాలు మాత్రం మొండికేసింది.

అప్పటి నుంచి మరిది ట్రాక్టరు మీద ఆమెను వంక దాటించేవాడు. పొద్దున ఊళ్ళోకి, సాయంత్రం తోటలోకి. దారి పొడుగునా తిట్లు. "ఒంటి ఆడమనిషివి, కాలు సరిగా లేదు. ఆ తోట నాకు సేద్యానికి ఇచ్చి ఇంట్లో వచ్చి కూసో వదినా. నీకు ముద్ద పెట్టలేమా?" అని ఆయన. "నీ ముద్ద తింటే నీ మాట గూడా మింగాల. నాకు అరగదు" అని ఈమె. ఆ జగడం ముదిరి ఒకరోజు ట్రాక్టరు మీదే పందెమైంది. ఈసారి వానలకు వంక పారేటప్పుడు ఆమె ఎవరి సాయం లేకుండా దాటితే తోట సంగతి ఆయన మళ్ళీ ఎత్తడు. దాటలేకపోతే ఆమె తోట అప్పగించి ఊళ్ళోకి వచ్చేయాలి. ఆ పందెం కోసమే ఈ బండి. తీరా కొన్నాక తెలిసింది, దాని చిన్న టైర్లు వంక ఇసుకలో దిగబడిపోతున్నాయని, కింద పొట్ట రాళ్ళకు కొట్టుకుంటోందని.

"పెద్ద టైర్లు ఏయాలప్పా" అన్నది.

"ఎంత పెద్దవి?"

ఆమె మోకాటి దగ్గర చెయ్యి పెట్టింది. కాసేపు ఆలోచించి ఇంకొంచెం పైకి జరిపింది. "ఈడికి."

"అక్కా, టైరుకు కొలత ఇస్తా ఉండావా, పావడాకా?"

"రెండిటికీ అదే నియమం. తడవకూడదు."

నాకు తెలిసిన సంగతులు చెప్పాను. టైరు పెద్దదైతే లాగే సత్తువ తగ్గుతుంది, ఇంజను బెల్టు వేడెక్కుతుంది, బ్రేకు పట్టినా కాస్త ముందుకు పోయి ఆగుతుంది, ఎత్తు పెరుగుతుంది కాబట్టి పక్కకు వాలితే పడుతుంది అని. ఇవన్నీ నేను ఫోనులో తెల్లవాళ్ళ వీడియోలు చూసి పట్టుకున్నవే. వాళ్ళ మాట ఒక్కటీ అర్థం కాలేదు. కానీ టైరు బాడీకి రుద్దుకునే చప్పుడు అన్ని భాషల్లోనూ ఒకటే.

టైర్లు మద్రాసు నుంచి పార్సిలు లారీలో వచ్చాయి. ముద్దగా, గరుగ్గా, పెద్ద పెద్ద గుబ్బలతో. రిమ్ముకు ఎక్కించానే గానీ టైరు అంచు రిమ్ముకు అతికి కూర్చోదు. ఇటు గాలి పడుతుంటే అటు బుస్సుమని పోతోంది. సబ్బునీళ్ళు పూశాను. చివరికి టైరు నడుముకు తాడు చుట్టి, తాట్లో కట్టె దూర్చి మెలేసి, ఒక్కసారిగా గాలి వదిలాను. ఠప్పుమని కూర్చుంది. ఆమె లారీ టైరు మీద కూర్చుని అంతా చూసి, "కాన్పు మాదిరే ఉండాదే" అన్నది. "ఏం పుట్టిందో చెప్పు" అన్నాను. "ఇంకా మూడు పుట్టాల. నువ్వు నడుం కట్టుకో."

నాలుగూ బిగించి హ్యాండిలు తిప్పితే అనుకున్నట్టే రుద్దుకుంది. ముందు మడ్‌గార్డుకు, వెనక కాలు పెట్టే పలకకు. లేతు పట్టే ఆయన దగ్గర దళసరి ఇనుప బిళ్ళలు చేయించి చక్రాలను బయటికి జరిపాను. స్ప్రింగులు బిగించి బండిని పైకి లేపాను. అయినా రుద్దుతూనే ఉంది. ఇక కత్తి కాల్చి మడ్‌గార్డు ప్లాస్టిక్కు కోయాల్సి వచ్చింది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. "నిదానంగా కోయప్పా, దానికి నొప్పి." నేను కోస్తున్నంతసేపూ బండి సీటు మీద చెయ్యేసి ఉంచింది, ఆవుకు సూది వేయించేటప్పుడు పట్టుకున్నట్టు.

అంత చేసినా హ్యాండిలు పూర్తిగా తిప్పితే కుడిపక్క ఒక గుబ్బ తగులుతూనే ఉంది. అక్కడికి పోకుండా ఒక బోల్టు అడ్డం పెట్టాను.

"అక్కా, ఇంక ఇది గబుక్కున తిరగదు. వెనక్కి మళ్ళాలంటే సగం తోట చుట్టుకోని రావాల."

"తిరిగి యాడికి రావాలప్పా? పోతే సాలు."

అప్పుడు ఇద్దరం నవ్వాం.

ఆ సాయంత్రమే నా ఘనకార్యం బయటపడింది. నేను ఆ టైర్లకు కారుకు పట్టినట్టు గాలి పట్టి పంపాను. చీకటి పడకముందే ఆమె తిరిగి వచ్చింది. బండి దిగి రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని షాపంతా కలయజూసింది.

"ఏం పోయిందక్కా?"

"నా నడుం. పొద్దున ఈడే మర్సిపోయిండాననుకుంటా, సూడు. ఇంటికాడ దిగి సూసుకుంటే లేదు."

గట్టిగా గాలి పట్టిన టైరు రాయి రాయికీ బంతిలాగా ఎగిరిందట. ఆ రకం టైర్లకు చాలా తక్కువ గాలి ఉండాలి. ఎంత తక్కువంటే నా లారీల మీటరులో ముల్లు కదలనే కదలదు. నేను ఒక చిన్న మీటరు తెప్పించాను. గాలి తగ్గించాక టైర్లు మెత్తగా నేలకు అణిగాయి. అప్పటి నుంచి ఆమె ఎటు పోయినా దారిలో ప్రతివాడూ కేక. "అక్కా, గాలి దిగిపోయిండాది!" ఆమె బండి ఆపేది కాదు. "నాదా, బండిదా?" అని అరిచి పోయేది.

పెద్ద టైర్లు పడ్డాక బండికి పూజ చేయించాలన్నది. అదీ అలిపిరిలోనే. కొత్త బండి కొంటే చాలామంది అక్కడికే తీసుకుపోతారు, సరే. పాత బండికి కొత్త చక్రాలేస్తే కూడానా అంటే, "కొత్త కాళ్ళొస్తే కొండ సామికి సూపించొద్దా?" అన్నది. నంబరు లేని బండి అంత దూరం పోకూడదు కాబట్టి మినీ లారీ మాట్లాడారు. ఎక్కించడానికి, దించడానికి నన్ను రమ్మన్నారు. ఆ మినీ లారీలో ముందర కూర్చుని వచ్చిన మనిషిని చూసి ఆశ్చర్యపోయాను. మరిది.

"నువ్వు పందెంలో అవతలి పార్టీ గదన్నా" అన్నాను.

"పందెం వంకకాడ. దేవుడికాడ కాదు" అన్నాడు ఆయన ముఖం ముడుచుకుని. నిమ్మకాయల సంచి ఆయన ఒళ్ళోనే ఉంది.

అలిపిరిలో పూజారి హారతి ఇచ్చాడు, బండికి పసుపు కుంకుమ పెట్టాడు. మరిది వంగి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. ఆమె బొటనవేలితో నొక్కింది. బండి ముందుకు కదిలి ఆగింది. చూస్తే నిమ్మకాయలు చెక్కుచెదరలేదు. మెత్తటి టైరు, పెద్ద గుబ్బలు. కాయ రెండు గుబ్బల మధ్య సందులో హాయిగా దాక్కుని బయటికొచ్చింది. వెనక్కి, ముందుకు, మళ్ళీ వెనక్కి. ఒకటి బంతిలాగా దొర్లుకుంటూ పక్కనున్న కొత్త కారు కిందికి పోయింది. వాళ్ళ కారు దాన్ని ఒక్క దెబ్బకు నలిపేసింది. వాళ్ళు మా కాయతో మంచి శకునం కొట్టేశారని నేను గొడవ పడబోతుంటే, మరిది ముఖం తెల్లబోయి ఉంది.

"వదినా, ఇది మంచిది కాదు. కాయ పగలకుంటే మంచిది కాదు. వద్దు, ఇంటికి పోదాం."

ఆమె బండి దిగింది. కుడికాలు ఈడ్చుకుంటూ ముందు చక్రం దగ్గరికి పోయి, చెప్పు విడిచి, ఎడమ మడమతో ఒక కాయను తొక్కింది. కాయ చిట్లింది. రెండోది కూడా తొక్కింది. మూడో దానికి ఆ వంగని కాలి మీద నిలబడలేక తూలింది. మరిది గబుక్కున చెయ్యిచ్చాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకునే మూడోది తొక్కింది.

"సాలా? బండి తొక్కినా నేను తొక్కినా ఒకటే. ఎక్కేది నేనే గదా."

తిరుగు దారిలో ఆయన లారీ ముందర, ఆమె పక్కన. పుత్తూరు వచ్చేదాకా ఇద్దరూ కాయల పాపపుణ్యాల మీద కొట్లాడుకుంటూనే ఉన్నారు. నేను వెనక బండిని పట్టుకుని నిలబడ్డాను. గాలిహోరులో మాటలు వినిపించలేదు. ఆమె నవ్వు మాత్రం వచ్చింది.

తుఫాను పట్టింది. వంక పారుతోందని తెలిసి నేను షాపు మూసి పోయాను. నా బోల్టులు నిలబడతాయో లేదో చూడాలని ఒక వంక. ఆమె ముఖం చూడాలని ఒక వంక. గట్టు మీద గొడుగులతో కొంతమంది. మరిది ట్రాక్టరు స్టార్టు చేసే ఉంచాడు, తాడు సిద్ధంగా భుజానేసుకుని.

ఆమె నీళ్ళల్లోకి దిగింది. ఎర్రటి నీళ్ళు చక్రాలకు సగానికి వచ్చాయి. నడిమధ్యలో బండి ఒక గుండు మీదికెక్కి ఒరిగింది. మరిది తాడు చేతిలోకి తీసుకున్నాడు. బెల్టు కాలిన వాసన గట్టు దాకా కొట్టింది. ఆమె వేలు తీయలేదు. గుబ్బలు ఇసుకను తవ్వుకుని, పట్టు దొరకబుచ్చుకుని, బండి నిదానంగా అవతలి గట్టెక్కింది. జనం ఈలలేశారు. ఆమె మావైపు తిరిగి చూడాలనుకుంది గానీ బండి అంత గబాల్న తిరగదు కదా. ముందుకు పోతూనే చెయ్యి పైకెత్తింది. చెట్లల్లో కలిసిపోయింది.

మరిది ట్రాక్టరు ఆపేశాడు. అంతసేపు నడుస్తున్న ఇంజను ఆగేసరికి వాన చప్పుడు పెద్దగా వినిపించింది. "సరే. గెలిసింది" అన్నాడు. తాడు చుట్టి సీటు కింద పెట్టుకున్నాడు.

ఆయన మాట తప్పే మనిషి కాదు. మళ్ళీ తోట సంగతి ఎత్తలేదు. ట్రాక్టరు వంక వైపు పోవడం కూడా మానేసింది. ఇంక ఆమెకు ఎవరి అవసరం ఉందని?

ఆ తర్వాత ఆమె నా షాపుకు రావడం ఎక్కువైంది. గాలి చూడమనేది. చూస్తే సరిగ్గా ఉండేది. "సరిగా ఉండాదక్కా." "అయితే ఇంకోసారి సూడు." నేను రెండోసారి చూసేలోపు ఆమె లారీ టైరు మీద కూర్చుని క్యారియరు విప్పేది. సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి. నాకూ ఒక ముద్ద తీసేది. తింటూ తోటలో జరిగినవన్నీ చెప్పేది. తోటలో ఏం జరుగుతుంది? ఒక కొమ్మ విరిగింది. ఒక ముంగిస వచ్చింది. నిన్న వచ్చిన ముంగిసే ఈరోజూ వచ్చింది. దానికి ఆమె ఒక కాపురం, అత్తగారు, తగాదా అన్నీ కల్పించి చెప్తే లారీ డ్రైవర్లు కూడా పోకుండా నిలబడి వినేవాళ్ళు.

ఒకరోజు మాత్రం తింటూ తింటూ ఆగింది. "నిన్న పాలాయన ఫోను చేసినాడప్పా. హలో అంటిని. ఎవురిదో గొంతు మాదిరి వినిపించె. నాదే. పొద్దున్నించి మాట్లాడలేదు గదా, తుప్పు పట్టిండాది."

"ఊళ్ళోకి పోయి రావచ్చు గదక్కా, మరిది వాళ్ళింటికి?"

"పోతాను. పోతే చుట్టం మాదిరి చాప ఏస్తారు. బాగుండావా అంటారు. కాపీ ఇస్తారు." ముద్ద మీద వేలితో గుంట చేసి, దాంట్లో ఊరుబిండి పెట్టి, తినకుండా చూస్తూ కూర్చుంది. "ముందర దారి పొడుగూతా తిడతా ఉండె. చాపేసి కూర్చోబెట్టినోళ్ళను ఎవురూ తిట్టరప్పా."

నేను ఎప్పట్లాగే ఏదో హాస్యమాడాను. తిట్లు కావాలంటే మా ఇంట్లో వచ్చి ఉండు, నాకు రోజూ ఎక్కువైనవి నీకు పంచుతా అన్నాను. నవ్వింది.

ఏడాది తిరిగి మళ్ళీ వానల కాలం ముంగిట వచ్చింది. ఆ రోజు గాలి చూడమనలేదు.

"పాత టైర్లు ఉండాయా?"

అటక మీద ఉన్నాయి. తోటలో ఎలుకలు కొరుకుతాయని ఆమే నా దగ్గర పెట్టించింది.

"ఉండాయి. ఏంటికి?"

"ఎయ్యి."

"అక్కా, వానలు వస్తా ఉండాయి. ఆ చిన్న టైర్లతో వంకలో దిగబడిపోతావు."

"తెలుసు."

"తెలిసీ?"

ఆమె నా వైపు చూడలేదు. బండి క్యారియరుకు కట్టిన తాడు విప్పుతూ, కడుతూ ఉంది. "నువ్వు వాగకుండా ఒక పని చేయగలవా అప్పా? ఎప్పుడన్నా చేసినావా?"

చేశాను. ఆ రోజు నాలుగు టైర్లు మార్చినంతసేపూ నేను ఒక్క మాట మాట్లాడలేదు. నా జన్మలో అదొక్కటే. బోల్టు కూడా తీసేశాను. హ్యాండిలు రెండువైపులా పూర్తిగా తిరిగింది. బండి మళ్ళీ పొట్టిదై, నేలకు దగ్గరై, ఎవరో తలమీద కొట్టినట్టు ఉంది. పెద్ద టైర్లు నాలుగూ అటకెక్కాయి. పోయేముందు ఆమె ఒకే మాట అన్నది. "ఎవురికీ చెప్పబాక."

మొదటి పెద్ద వాన పడిన రెండోరోజు ఆమె వచ్చింది. చీర మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. ముఖం వెలిగిపోతోంది.

"ఏమైంది?"

"దిగబడిపోతిని. నట్టనడిమిట్లో."

"ఫోను చేసినావా?"

"చేస్తిని. బండికి ఏమో అయిండాది, ఇసకలో దిగిపోయిండాది అంటిని. వచ్చినాడు. ట్రాక్టరు యాడో దూరాన ఉండంగానే మొదలు పెట్టినాడప్పా. నీ మొగుడు నన్ను నమ్మి నిన్ను వదిలిపెట్టి పోయినాడు, నువ్వు నా ప్రాణం తీసేదానికి పుట్టినావు అని. నీ బండికి నిప్పు పెడతా అని. కాలు లేకపోయినా కొవ్వుకు తక్కువ లేదు అని." ఒక్కొక్క తిట్టూ నెమరేసుకుంటూ, ఏదీ పోకుండా చెప్పింది. ఆయన గొంతుతో ఒకసారి, తన జవాబు తన గొంతుతో ఒకసారి. "ఊళ్ళోకి లాక్కోని పోయినాడు. మా తోడికోడలు తల తుడిచింది. అదీ తిట్టె. దాని తిట్లు అంత బాగుండవులే, ఇంకా నేర్చుకోవాల."

ఆ వానలన్నీ అట్లాగే గడిచాయి. దిగబడేది, ఫోను, ట్రాక్టరు, తిట్లు, వాళ్ళింట్లో అన్నం. మర్నాడు నా షాపులో ఆ కథ. గాలి చూడమని అడగడమే మర్చిపోయింది. ఒక్కోసారి వంకలో నీళ్ళు తగ్గిపోతే ఆమె కంగారు పడేది. "మేఘం యాడన్నా ఉండాదా అప్పా?" అని కొండ వైపు చూసేది. మామిడిరైతులు పూత రాలుతుందని వాన వద్దంటారు. ఆమె ఒక్కతే కావాలనేది.

పోయింది మాత్రం వంకలో కాదు, తోటలో కాదు. జ్వరం వచ్చి మరిది ఇంట్లోనే ఉండగా, తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయే దారిలో. కారులో మరిది ఒళ్ళో తల పెట్టుకుని ఉందట. అంతకుమించి నేను అడగలేదు.

దివసాలు అయిపోయాక ఒకరోజు పొద్దున, ముసురు పట్టి ఉంది. మరిది ట్రాక్టరు మీద వచ్చాడు. టైర్లన్నీ ఒకసారి చూశాను, బాగానే ఉన్నాయి. ఆయన దిగి వచ్చి కూర్చున్నాడు. తలెత్తి అటక మీద ఉన్న పెద్ద టైర్ల వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. చెప్పొద్దన్న మాట ఒకటి నా నోట్లో ఉంది.

"నీ కాడనే ఉండాయా అవి" అన్నాడు.

"నీకు తెలుసా అన్నా?"

"వంకలో దిగి బండికి తాడు కట్టేది నేను గదప్పా. అలిపిరికాడ చక్రం నా మోకాలికి పైన ఉండె. ఆ పొద్దు సూస్తే కిందికి దిగిపోయిండాది. కండ్లు లేవా నాకు?"

"మొదటి రోజే తెలుసా?"

"మొదటి రోజే."

"మరి ఆమెను ఒక్కసారన్నా అడగలేదా, ఏంటికి మార్చినావని?"

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. వాన జల్లు షెడ్డు లోపలికి కూడా కొడుతోంది.

"అడిగితే మళ్ళా పెద్దవి ఏయించుకుంటుంది గదా" అన్నాడు.

బయట ట్రాక్టరు ఇంజను ఆపలేదు ఆయన. అది ఒక్కటే మాట్లాడుతోంది. ఆయన కొండ వైపు చూసి, "వంకకు నీళ్ళొచ్చినాయంట" అన్నాడు.

"ఊ" అన్నాను.

ఆయన లేవలేదు.